కూరలు నువ్వే తరుగు, ఏం కూరో మాత్రం వాళ్ళని తేల్చమను

ప్రశ్న: మేడమ్ నమస్తే. నాకు 38 ఏళ్ళు, తణుకులో ఉంటాం. మా వారు బ్యాంకులో చేస్తారు, పాప ఎనిమిదో క్లాసు, బాబు నాలుగు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు, ఆవిడకి షుగరూ బీపీ ఉన్నాయి. డిగ్రీలో ఉండగా నావి మూడు కథలు అచ్చయ్యాయి. పెళ్ళయ్యాక పదేళ్ళు ఏమీ రాయలేదు, లాక్‌డౌన్‌లో మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఫోన్లో పదకొండు కథలు సగం సగంగా పడున్నాయి, ఒక్కటీ పూర్తవ్వట్లేదు. పిల్లల వ్యాన్ ఎనిమిదింటికి, మా వారు బాక్సు పట్టుకుని తొమ్మిదిన్నరకి వెళ్తారు, పనమ్మాయి పదకొండింటికి వస్తుంది, ఆ తర్వాత రోజు ఎటు పోతుందో తెలీదు. రాత్రి పదిన్నరకి రాయడానికి కూర్చుంటే రెండు లైన్లకే కళ్ళు మూతలు పడతాయి. మా వారు మంచాయనే, "నీకు టైం దొరికినప్పుడు రాసుకో, నేనేమైనా వద్దన్నానా" అంటారు, ఆదివారాలు కూరలు కూడా తరిగిపెడతారు. అత్తయ్యగారు మాత్రం "పొద్దస్తమానం ఆ ఫోన్లో ఏం కొడుతుందో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తారు. రాస్తుంటే ఇల్లు పట్టించుకోవట్లేదని గిల్టీ, రాయకపోతే ఇంకో గిల్టీ. ఇల్లూ రాతా బ్యాలెన్స్ చేసుకోవడం ఎలాగో చెప్పండి, లేదా మానేయమని చెప్పండి, అదీ వింటాను.

సమాధానం: మానేయమని నేను చెప్పను, చెప్పినా నువ్వు వినవులే. పదేళ్ళు మానేసి మళ్ళీ మొదలుపెట్టినదానివి, ఇంక అది పోయే జబ్బు కాదు. (నువ్వు అనేస్తున్నాను, మా చిన్న చెల్లెలి వయసు నీది, ఏమీ అనుకోకు.)

నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది. అత్తగారి సణుగుడు కాదు, రాత్రి నిద్రా కాదు, అవి అందరికీ ఉన్నవే. మీ ఆయన ఆదివారం కూరలు తరిగిపెడతారన్నావు చూడు, అదీ. అది నువ్వు మెచ్చుకోలుగానే రాశావు, మంచిదే, కానీ నీ పదకొండు కథలు సగంలో ఎందుకు ఆగాయో నాకు అక్కడే తెలిసిపోయింది, ఎందుకంటే నా పదమూడు కథలు కూడా ఒకప్పుడు సరిగ్గా అలాగే ఆగాయి.

మా ఇంటి సంగతి చెప్తా. అప్పుడు నాకు నలభై. మా వారు కూడా నా మీద జాలిపడి ఒక ఆదివారం "ఇవాళ నేను సాయం చేస్తా, నువ్వెళ్ళి రాసుకో" అన్నారు. సరే అని గోరుచిక్కుళ్ళు, చాకూ ఇచ్చి గదిలోకెళ్ళి కూర్చున్నా. ఐదు నిమిషాలకి "ఏ సైజు?" అని కేక. చెప్పా. ఇంకో రెండు నిమిషాలకి "చివర్లు ఎందులో వెయ్యను?" చెప్పా. తర్వాత "ఇవి ఉడకబెట్టాలా, డైరెక్టుగా వేయించాలా, కొబ్బరుందా, లేకపోతే తేనా?" ఆ కొబ్బరి దగ్గర నా కథలో పిల్ల రైలెక్కబోతోంది, ఎక్కలేదు, ఇంతవరకూ ఎక్కలేదు. ఆ రోజు నాకు వెలిగింది ఏంటంటే ఆయన నా చేతుల్లో పని తీసుకున్నారు, నా బుర్రలో పని నా దగ్గరే ఉంచారు. నిజానికి నాకు చేతుల్లో పనితో ఇబ్బందే లేదు! గోరుచిక్కుళ్ళు తుంచుతూ ఎంత కథైనా ఆలోచించుకోవచ్చు, తోటకూర గిల్లుతూ, వెల్లుల్లి ఒలుస్తూ, బట్టలు మడతపెడుతూ, ఆ చేతులు వాటి మానాన అవి పోతుంటాయి, బుర్ర ఖాళీగానే ఉంటుంది, నా మంచి డైలాగులన్నీ అలా పుట్టినవే. కథని చంపేసేది తరగడం కాదమ్మా. ఏం తరగాలో తేల్చడం, అది ఉందా లేదా, లేకపోతే ఎవరు తేవాలి, రేపటికి పప్పు నానబెట్టానా, గ్యాస్ బండ ఎప్పుడొచ్చింది, పిల్లాడి ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడు, అత్తయ్యగారి మాత్రలు ఇంకెన్ని ఉన్నాయి, పాలవాడికి రెండు రోజులు నాగా రాశానా లేదా. ఇదంతా ఒక మోటారు లాగా లోపల తిరుగుతూనే ఉంటుంది. కథలో మనుషుల్ని గుర్తుపెట్టుకోవాల్సిన చోటే ఇవీ వచ్చి కూర్చుంటాయి. అవి కూర్చున్నాక నీ పాత్రలకి ఇంక చోటేదీ?

అందుకని నేను చెప్పేది మామూలుగా అందరూ చెప్పేదానికి తలకిందులుగా ఉంటుంది, కొంచెం ఓపిగ్గా విను. పని పంచమని అడక్కు. గుర్తుపెట్టుకోవడం పంచు. కూరలు నువ్వే తరుక్కో, హాయిగా తరుక్కో, ఏం కూరో వాళ్ళని తేల్చమను.

2019లో కేంద్ర ప్రభుత్వం వాళ్ళు జనం రోజులో టైం ఎలా గడుపుతున్నారో దేశమంతా సర్వే చేయించారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి సగటున రోజుకి 299 నిమిషాలు పెడుతున్నారట, అంటే ఒక్క నిమిషం తక్కువ ఐదు గంటలు. మగవాళ్ళు 97 నిమిషాలు, అదీ చేసే మగవాళ్ళు, ఆ చేసేవాళ్ళు వందకి ఇరవైఆరు మందే. ఇది చదివి మీ ఆయన్ని నిలదీయమని కాదు చెప్తున్నది (నిలదీసినా తప్పులేదు). 299 అన్నది కళ్ళకి కనిపించే పనికి వేసిన లెక్క. పిండి రుబ్బుతూ ఫీజు సంగతి ఆలోచించినా, స్నానం చేస్తూ గ్యాస్ సంగతి ఆలోచించినా, కథ రాస్తూ కొబ్బరి సంగతి ఆలోచించినా వాటిని ఏ నిమిషం కింద వెయ్యాలి? నువ్వు రాసేటప్పుడు కూడా ఇంటి డ్యూటీలోనే ఉన్నావు, అది నీకూ తెలీదు, అందుకే "టైం ఉన్నా రాయలేకపోతున్నా, నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటున్నావు.

ఇప్పుడు ఎలా పంచాలి అన్నది.

మొదట అత్తగారితో మొదలుపెడతాను, నువ్వు ఆవిడ్ని చివర్లో పెట్టుకుని ఉంటావు. ఆవిడ వయసు రాయలేదు, డెబ్బై దాకా ఉంటుందనుకుంటా. నలభై ఏళ్ళపాటు ఆ ఇంట్లో "ఇవాళ ఏం వండాలి" అన్నది ఆవిడ చేతిలో మాట. ఇప్పుడు ఆ మాట నీ చేతికొచ్చింది, ఆవిడకి టీవీ, మాత్రలూ మిగిలాయి. వచ్చినవాళ్ళతో నీ ఫోను గురించి చెప్పకపోతే ఇంకేం చెప్తుంది పాపం. ఆ అధికారం తిరిగిచ్చెయ్. "అత్తయ్యగారూ, వారంలో ఏ పూట ఏం కూరో మీరు చెప్పండి, నాకు తోచట్లేదు" అని అడిగి చూడు, ఆ మొహం ఎలా వెలుగుతుందో. ఆదివారం సాయంత్రం ఆవిడ చెప్తుంటే పాప ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాలి, అంతే, మళ్ళీ ఆదివారం దాకా ఆ ప్రశ్న నీ బుర్రలోకి రాకూడదు. ఒక్కటే షరతు పెట్టు, లేకపోతే సోమవారం గుత్తొంకాయ, మంగళవారం పనసపొట్టు, బుధవారం కందాబచ్చలి అని చెప్పేస్తుంది, చేసేది ఆవిడ కాదుగా. "మామూలు రోజుల్లో అరగంటలో అయిపోయేవి, ఆదివారం మాత్రం మీ ఇష్టం" అను. ఇంకో సంగతి, ఆవిడ చెప్పింది నీకు నచ్చకపోయినా ఆ వారం వండెయ్. సోమవారమే మార్చేశావనుకో, ఆవిడ అలుగుతుంది, ఆ పని మళ్ళీ నీ నెత్తికే వస్తుంది.

మీ ఆయనకి ఏం ఇవ్వాలంటే, పని కాదు, శాఖ ఇవ్వాలి, మంత్రులకి ఇచ్చినట్టు. తేడా ఏంటంటే పని ఇస్తే "గ్యాస్ బుక్ చెయ్యండి" అని నువ్వు గుర్తుచెయ్యాలి, ఆయన బుక్ చేస్తారు, చేసి "చేసేశా" అని నీకు చెప్తారు, నువ్వు సంతోషించాలి. గుర్తుపెట్టుకున్నది నువ్వు, గుర్తుచేసింది నువ్వు, మెచ్చుకున్నది నువ్వు, ఆయన ఫోన్లో రెండు నొక్కులు నొక్కారు. శాఖ ఇస్తే బండ ఎప్పుడైపోతుందో, రెండో బండ నిండుగా ఉందో లేదో, ఎప్పుడు బుక్ చెయ్యాలో, వచ్చినప్పుడు ఇంట్లో ఎవరుండాలో అంతా ఆయనదే. గ్యాస్, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, వాళ్ళమ్మగారి మాత్రలూ డాక్టరు తేదీలూ, ఈ నాలుగూ ఇచ్చెయ్. బ్యాంకులో చేస్తారుగా, తేదీలు గుర్తుపెట్టుకోవడం ఆయన ఉద్యోగం, ఆ మనిషి ఇంటికొచ్చేసరికి తేదీలు మర్చిపోతాడంటే నేను నమ్మను.

కానీ ఇక్కడే అసలు కష్టం ఉంది, అది ఆయనది కాదు, నీది. ఇచ్చాక ఆయన మర్చిపోతారు. ఖాయం. అప్పుడు నువ్వు నోరు మూసుకోవాలి. మా ఇంట్లో గ్యాస్ శాఖ ఇచ్చిన రెండో నెలే బండ అయిపోయింది, సరిగ్గా మినప్పిండి రుబ్బుకుని ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టాక. అంతకు పదిరోజుల ముందు నుంచీ నాకు తెలుసు అది అయిపోవచ్చిందని, మంట ఎర్రగా వస్తోంది, నాలుక చివరిదాకా వచ్చింది మాట, పళ్ళు బిగబట్టి ఊరుకున్నా. రెండో బండ కూడా ఖాళీదే. ఆ పూట ఆయనే హోటల్‌కి వెళ్ళి ఇడ్లీ కట్టించుకొచ్చారు, మధ్యాహ్నానికి పక్కింటి వాళ్ళని బండ అడగడానికి కూడా ఆయనే వెళ్ళారు, నేను వెళ్ళలేదు, చూడు అదీ ముఖ్యం. తర్వాత ఇన్నేళ్ళలో మా ఇంట్లో గ్యాస్ అయిపోవడం లేదు. నేనే గనక ఆ రోజు ముందుగా గుర్తుచేసి ఉంటే ఈ రోజుకి కూడా గుర్తుచేస్తూనే ఉండేదాన్ని. అత్తగారి మాత్రల విషయంలో మాత్రం ఇలా పంతానికి పోకు, అక్కడ ఆటలొద్దు, అందుకే ఆ డబ్బా డైనింగ్ టేబుల్ మీద అందరికీ కనపడేలా పెట్టించు, వారం రోజుల గళ్ళున్న డబ్బా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ఆదివారం ఆయన నింపాలి.

పిల్లల సంగతికొస్తే నాదొక గట్టి అభిప్రాయం ఉంది, నచ్చకపోతే వదిలెయ్. పాప పెద్దది కదా, ఆడపిల్ల కదా, నేర్చుకోవాలి కదా అని ముందు దాని చేతికే పనులొస్తాయి మన ఇళ్ళల్లో. కూరల కాగితం దాన్నే రాయమన్నాను గదా అని నువ్వనొచ్చు, రాయమన్నానుగానీ అంతకు మించి వద్దు. దానిది ఎంతో నాలుగో క్లాసు బాబుది కూడా అంతే ఉండాలి. వాడి టైంటేబుల్ వాడు చూసుకుని బ్యాగ్ వాడు సర్దుకోవాలి, నీళ్ళ బాటిల్ వాడే సింకు దగ్గర పెట్టాలి, ఒక రోజు తెలుగు పుస్తకం మర్చిపోయి తిట్లు తింటాడు, తిననీ. లేకపోతే ఇంకో పాతికేళ్ళకి వాళ్ళావిడ కూడా ఇలాగే ఎవరికో ఉత్తరం రాయాల్సొస్తుంది.

ఇదంతా ఒకేసారి చెయ్యకు. ఒక నెల కూరల కాగితం, ఇంకో నెల గ్యాసూ బిల్లులూ, అలా. ఒకే రోజు సభ పెట్టి అందరికీ పనులు పంచావనుకో, "రచయిత్రి గారు" అని ఎగతాళి మొదలవుతుంది.

ఇంక టైం. రాత్రి పదిన్నర వదిలెయ్ తల్లీ, అది రాసే టైం కాదు, శిక్ష. పొద్దున ఐదింటి నుంచి తిరిగిన మనిషివి, ఆ టైంకి నీ దగ్గర మిగిలేది మిగిలిపోయిన అన్నం లాంటిదే, దానితో పులిహోర అవుతుందేమోగానీ కొత్త వంట అవ్వదు. నీ ఉత్తరంలోనే నీ గంట ఉంది, నువ్వు చూసుకోలేదు. ఆయన తొమ్మిదిన్నరకి వెళ్తారు, పనమ్మాయి పదకొండింటికి వస్తుంది. ఆ మధ్యలో ఏం చేస్తున్నావు? నేను చెప్పనా, ఇల్లు సర్దుతున్నావు. పిల్లలు విసిరేసిన బట్టలు, మంచాల మీద దుప్పట్లు, స్టవ్ మీద మరకలు, ఇవన్నీ ముందు ఒక కొలిక్కి తెచ్చి అప్పుడు ప్రశాంతంగా కూర్చుని రాద్దామనుకుంటావు. ఇల్లు కొలిక్కి రావడం అనేది ఉండదమ్మా, నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నా, రాదు. ముందు రాయాలి. ఎంగిలి ప్లేట్లు సింకులో ఉండగా, దుప్పట్లు మడతపెట్టకుండా, ఆ చిందరవందర మధ్యలో కూర్చుని రాయడం నేర్చుకోవాలి. మొదటి పదిరోజులూ ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. తర్వాత అలవాటైపోతుంది, పది పావు నుంచి పదకొండు దాకా సర్దుకున్నా ఇల్లు అలాగే సర్దుకుంటుంది, దానికి తెలీదు నువ్వు ముందు సర్దావో తర్వాత సర్దావో.

పి. సత్యవతి గారి కథ ఒకటుంది, "ఇల్లలకగానే" అని, చదివే ఉంటావు. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరే మర్చిపోతుంది, ఆ పేరు వెతుక్కుంటూ తిరుగుతుంది. నేను ఆ కథ మొదటిసారి చదివినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, పొంగిపోయాయి. పాలు పొంగిపోయినందుకు ఎంతసేపు బాధపడ్డానో చెప్తే నవ్వుతావు, కథ చదివి కూడా గట్టు తుడవడానికే పరిగెత్తాను మరి.

ఎక్కడ కూర్చోవాలి అన్నది నువ్వడగలేదు, నేను చెప్తా. మంచం మీద ఫోన్ పట్టుకుని మాత్రం వద్దు. అత్తయ్యగారు అంటున్నారే "ఫోన్లో ఏం కొడుతుందో" అని, నిజం చెప్పాలంటే ఆవిడ తప్పేం లేదు, కథ రాసేవాళ్ళూ రీల్స్ చూసేవాళ్ళూ చూడ్డానికి ఒకేలా ఉంటారు. మీ వీధిలో ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఆవిడ ఎవరో ఉండే ఉంటారు. ఆవిడ మిషను మీద ఉండగా వాళ్ళ అత్తగారు "ఏం చేస్తోందో" అని ఎవరితోనైనా అంటుందా? అనదు, మిషను చప్పుడవుతుంది, గుడ్డ కనపడుతుంది, అది పని అని ఇంటికి తెలుసు. నీ పనికి కూడా చప్పుడుండాలి. ఒక కుర్చీ, ఒక లాంగ్ నోట్‌బుక్, డైనింగ్ టేబుల్ మూల అయినా సరే, అందరూ అటూ ఇటూ తిరిగే చోట కూర్చో. దాక్కుని రాయకు. "తొమ్మిదిన్నర నుంచి పది పావు దాకా రాసుకుంటా అత్తయ్యగారూ, ఏమైనా కావాలంటే ముందే అడిగేయండి" అని పైకి చెప్పు, రోజూ చెప్పు. మొదట్లో ఆ ముప్పావుగంటలోనే ఆవిడకి కళ్ళజోడు కనపడదు, రిమోట్ కనపడదు, పక్కింటావిడ కరివేపాకుకి వస్తుంది, ఎవరో ఫోన్ చేస్తారు. లేచి వెతికిపెట్టకు, "పది పావుకి వస్తా" అను, నవ్వుతూ అను. మీ ఆయన "టైం దొరికినప్పుడు రాసుకో" అంటారు గదా, ఆయన మంచి మనసుతోనే అంటారు, కానీ ఆయన బ్యాంకుకి టైం దొరికినప్పుడు వెళ్ళట్లేదు కదా. ఈ ముక్క దెబ్బలాటలా కాకుండా ఎప్పుడైనా టీ తాగేటప్పుడు అడుగు.

డబ్బు రాదు కదా, కుట్టుమిషనుతో పోలికేంటి అంటావేమో. రాదు, నిజమే. తెలుగులో కథకి వచ్చే పారితోషికంతో చీర ఫాల్ కుట్టించుకోలేని సందర్భాలున్నాయి నాకు, అసలేమీ ఇవ్వని పత్రికలే ఎక్కువ. ఆ విషయంలో నిన్ను మభ్యపెట్టను. డబ్బు కోసమైతే జాకెట్లే కుట్టుకో.

పదకొండు కథల గురించి. అన్నీ ఒకసారి తెరిచి చదువుకుని ఏది బాగుందో చూద్దామనుకుంటావు, తెరవకు. తెరవకుండా, ఇప్పుడు ఇది చదువుతూనే, అందులో ఏది గుర్తొచ్చింది నీకు? అదే పూర్తి చెయ్. మిగతా పదీ ఫ్రీజర్‌లో ఉన్నట్టే, పాడవ్వవు. ఆ ఒక్కటి ముగిసేదాకా పన్నెండోది మొదలుపెట్టకు, కొత్త కథ మొదలుపెట్టడం చాలా సుఖం, కొత్త స్టీలు డబ్బాలు కొన్నట్టు, పాతవాటి మూతలు వెతుక్కునే పనుండదు.

రోజూ ఆపేటప్పుడు ఒక పని చెయ్. తర్వాత ఏం రాయాలో తెలిసిన చోట ఆపు, తెలియని చోట కాదు. ఎసరు మరుగుతుండగా, బియ్యం కడిగి పక్కన పెట్టుకుని వెళ్ళిపోయినట్టు. మర్నాడు రాగానే పోసేయడమే, "ఎక్కడున్నాను" అని వెతుక్కునే పదిహేను నిమిషాలు మిగుల్తాయి, ఉన్నదే ముప్పావుగంట కదా మనకి.

మధ్యాహ్నం వెల్లుల్లి ఒలుస్తూ ఏదైనా తోస్తే ఫోన్లో వాయిస్ టైపింగ్ పెట్టుకుని చెప్పెయ్. తెలుగు ఇప్పుడు బాగానే వింటుంది. నాకు మాత్రం ఒకసారి "కంద" అంటే "కొండ" అని పడి మా నాయిక కొండ తరుగుతూ కూర్చుంది, అది నాకు తెగ నచ్చి అలాగే ఉంచేద్దామనుకున్నా. కామాలూ ఫుల్‌స్టాపులూ సరిగ్గా పడవు, పర్లేదు, అది విత్తనం బుట్ట, పంట కాదు, పొద్దున కూర్చున్నప్పుడు అందులోంచి ఏరుకుంటావు.

ఇంకా నెలలున్నాయి. ఆవకాయల నెల, సంక్రాంతి, పిల్లల పరీక్షలు, శ్రావణమాసం పేరంటాలు, ఇంట్లో ఎవరికైనా జ్వరం. అప్పుడు రాయలేవు, రాయొద్దు కూడా. ఆ రోజుల్లో ఆ ముప్పావుగంట కూర్చో, పాతది చదువుకో, ఒక వాక్యం మార్చు, లేదా ఊరికే వేరేవాళ్ళ కథ చదువు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది కదా, అక్కడ పోగుచేసిన పాత కథలు బోలెడు ఇప్పుడు ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు, ఖర్చులేదు. కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచకు, రెండు వారాలు ఖాళీగా ఉందంటే దాని మీద ఇస్త్రీ బట్టలు చేరతాయి, వాటిని కదిలించడం ఎవరి తరమూ కాదు.

గిల్టీ గురించి కూడా ఏదో ఒకటి చెప్పమంటావు. పోదు అది. నాకూ పోలేదు. నువ్వు రాసిన ఆ రెండు రకాల గిల్టీల్లో ఒకటి మాత్రం తగ్గుతుంది, రాయకపోతే వచ్చేది, రోజుకి నాలుగు లైన్లు పడితే అది తగ్గిపోతుంది. ఇల్లు పట్టించుకోవట్లేదన్నది ఉంటుంది, మన అమ్మలకి పాలు పొంగినా ఉండేది.

నీకు ఇంకో భయం ఉందేమో, ఉత్తరంలో రాయలేదుగానీ సగం కథలన్నీ ఆగిపోవడం చూస్తే అనిపించింది, అచ్చయితే అత్తయ్యగారు చదివి తన గురించే రాశానంటారేమో అని. అంటారు. నువ్వు రాసింది వేరే వాళ్ళ అత్తగారి గురించైనా అంటారు. కథలో అత్తగారి ఊరు, నగలు, జబ్బు మార్చెయ్, వీలైతే కోడలి తప్పు ఒకటి గట్టిది పెట్టు, కథకి కూడా అదే మంచిది, ఒక పక్షమే రైటయిన కథలో చదివేవాళ్ళకి పనేముంటుంది?

వంటింటి కథలు రాస్తే చిన్నచూపు చూస్తారని కూడా మనసులో పెట్టుకోకు. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షిక 1952లో మొదలుపెట్టి నలభై ఏళ్ళకి పైగా నడిపారు, పాఠకుల ఉత్తరాలకి జవాబులిచ్చారు, మా అమ్మ దగ్గర ఆవిడ వంటల పుస్తకం నూనె మరకలతో అట్ట ఊడిపోయి ఉండేది. అదే చేత్తో నవలలు రాశారు, "హృదయనేత్రి" కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పులుసు కొలతలు రాసిన పెన్ను నవలకి పనికిరాదని ఆవిడ ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. ఇంకా వెనక్కి వెళ్తే భండారు అచ్చమాంబ గారు, 1902లో "ధనత్రయోదశి" రాసినావిడ, 1905లో పోయారు, ముప్పై ఏళ్ళు చిల్లర బతికారు అంతే. ఆ కథ చిన్నదే, ఒక పండగ రోజు ఇంట్లో డబ్బు లేని మొగుడూ పెళ్ళాల కథ. ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు ఆ కథ, నూట ఇరవై ఏళ్ళు దాటాక కూడా మనం చెప్పుకుంటున్నాం.

కథ పూర్తయ్యాక పంపే పద్ధతి నీకు కొత్త కావచ్చు, నువ్వు డిగ్రీలో ఉన్నప్పుడు తెల్లకాగితానికి ఒకవైపే రాసి తిరుగు స్టాంపులు పెట్టి పంపి ఉంటావు. ఇప్పుడు యూనికోడ్‌లో టైప్ చేసి మెయిల్ చేస్తే చాలా పత్రికలు తీసుకుంటాయి, ఫోన్లో నువ్వు కొట్టేది యూనికోడే, కంగారుపడకు. హామీపత్రం మర్చిపోవద్దు, అంటే ఇది నా సొంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు, ఎక్కడా అచ్చవ్వలేదు, వేరే చోట పరిశీలనలో లేదు అని నాలుగు లైన్లు కింద రాయడం. ఒక కథ ఒకేసారి ఇద్దరికి పంపకు. పంపిన తేదీ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుని రెండోది మొదలుపెట్టు, ఎదురుచూస్తూ కూర్చుంటే అది కూడా పాలవాడి నాగాల్లా బుర్రలో చేరిపోతుంది. జవాబు చాలాసార్లు రాదు, అది నీ కథ మీద తీర్పు కాదు, అక్కడ ఒకే మనిషి వంద మెయిల్స్ చూస్తుంటారు.

ఇవాళ చెయ్యాల్సింది చెప్పి ఆపేస్తా. నీ గ్యాస్ కనెక్షన్‌కి ఏ ఫోన్ నంబర్ ఇచ్చి ఉందో చూడు, నీదే అయ్యుంటుంది, బుకింగ్ మెసేజీలూ డెలివరీ కుర్రాడి ఫోనూ అన్నీ నీకే వస్తుంటాయి. అది మీ ఆయన నంబర్‌కి మార్పించు. అలాగే స్కూల్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన్ని చేర్పించు, నువ్వు ఒక నెలపాటు దాన్ని మ్యూట్‌లో పెట్టు. తర్వాత ఆ ఒక్క కథ ఎక్కడిదాకా వచ్చిందో నాకు రాయి.